అరుగు పేజీ

మీరు దొంగలు కూడా కారు. దొంగకైనా తను ఎత్తుకుపోయే వస్తువు విలువ తెలుసు. మీరు కడిగేవాళ్ళు. మనిషి వేలు పడ్డ చోటల్లా సబ్బు పట్టుకుని బయల్దేరేవాళ్ళు. శివరామకృష్ణ సారూ, మీరూ, మీ పునరుద్ధరణ కమిటీ, పట్నం నుంచి మీరు పిలిపించిన ఆ నిపుణుడూ కలిసి మా బాపు దుకాణాన్ని మా బాపే లేచొచ్చినా గుర్తుపట్టకుండా చేశారు. ఈ మాటలు యేసుమణి పైకి అనలేదు. నోట్లో వక్కలా పెట్టుకుని నములుతోంది. శంషాబాద్ బజారులో, బెంగుళూరు రోడ్డు పక్కన, యాభై నాలుగేళ్ళ కిందట మత్తయ్య పెట్టిన పుస్తకాల దుకాణాన్ని ఇవాళ మళ్ళీ తెరుస్తున్నారు. మత్తయ్య కూతురు కాబట్టి ఆమెకి అచ్చేసిన పిలుపు వచ్చింది. సర్కారు దవాఖానలో ఆయా ఉద్యోగానికి ఒక పూట సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చి, రెండో వరసలో మడత కుర్చీలో కూర్చుంది. పదింటికి రావాల్సిన పెద్ద అతిథి పదకొండైనా రాలేదు. తుక్కుగూడలో ఇంకేదో రిబ్బను కత్తిరిస్తున్నాడట, అయ్యాక వస్తాడట. అందాకా కూర్చోవాలి. కూర్చుని చూడాలి.

గోడలకి గంధం రంగు, దూలాలకి వార్నిషు, పైన పాతకాలపు ఫ్యాను లాంటి కొత్త ఫ్యాను. వార్నిషు కిందనుంచి మాత్రం యూరియా వాసన పోలేదు, దాన్ని ఎవడూ కడగలేకపోయాడు, బాపు పోయాక పదిహేనేళ్ళు ఇది ఎరువుల గోదాముగా ఉన్నది కదా, ఆ వాసన ఒక్కటే నిజం చెబుతోంది ఇక్కడ. గుమ్మం పక్కన ఇత్తడి పలక కొట్టారు. వ్యవస్థాపకులు శ్రీ మాథ్యూ. ఎవడు వాడు? మత్తయ్య అంటే మొరటుగా ఉందా మీకు? శంషాబాదులో విమానాశ్రయం కడతారన్న మాట పుట్టినప్పటి నుంచి ఈ ఊళ్ళో అందరికీ అదే యావ, రేపు పై దేశాల వాళ్ళు విమానం దిగితే మొదట ఏం చూస్తారు, ఏం చదువుతారు, ఏం తింటారు. వాళ్ళ నోరు తిరగాలని బాపు పేరే మార్చారు. కావడి మీద సువార్త పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన మత్తయ్య, ఆ కావడిలోకి ఒక్కొక్కటే కథల పుస్తకాలు చేర్చినందుకు మిషను దొరల దగ్గర చివాట్లు తిని, ఆ కొలువు మానేసి ఈ దుకాణం పెట్టిన మత్తయ్య, ఇప్పుడు మాథ్యూ. ఆయన పేరు కింద ఏడుగురు రచయితల పేర్లు, ‘ఇచ్చట కూర్చుని సాహిత్య సృష్టి చేసిన మహనీయులు’ అని. ఏడో పేరు శివరామకృష్ణ సార్‌ది.

పక్క కుర్చీలో దుర్గవ్వ ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళు, కళ్ళకి పొర, మనిషి మాత్రం గట్టిది, నిన్నమొన్నటిదాకా కూరగాయల గంప దింపలేదు. పిలుపు లేకపోయినా యేసుమణే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పలక మీద ఏం రాశారని ముసలమ్మ అడిగితే చదివి చెప్పింది. ఏడో పేరు దగ్గర దుర్గవ్వ ఆపింది.

“గీ సారు గూడనా? ఈయన కథ ఒక్కటే విన్న బిడ్డా నేను. మస్తు నిద్రబట్టింది. ఆ దినం మా పెనిమిటి కొట్టిన దెబ్బలు గూడ యాదికి రాలె.”

ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. యేసుమణికి నవ్వు రావలసింది, రాలేదు. అవును, ఆ కథ అరుగు మీదే కదా చదివాడు ఆయన, అరుగు మీదే కదా ఆవులించింది దుర్గవ్వ. ఏ అరుగు? గుమ్మం బయట ఇప్పుడు నల్లరాయి మెట్లు రెండు, ఇనుప కమ్మీ ఒకటి. అరుగు లేదు. పదహారు మంది పట్టే అరుగు, బాపు తన చేత్తో మట్టి తొక్కి, రాళ్ళు పేర్చి, నాపరాళ్ళు పరిచిన అరుగు, కార్లు ఆపుకోవడానికి పోయింది. పుస్తకాలు అమ్మే రోజుల్లో బాపుని ఏ ఊళ్ళోనూ ఎవరూ అరుగెక్కనిచ్చేవాళ్ళు కారు, కింద వాకిట్లో నిలబెట్టి పుస్తకం పైకి అందుకునేవాళ్ళు. అందుకే దుకాణం లోపల ఎంత ఉందో చూసుకోకుండా బయట అంత వెడల్పు అరుగు కట్టాడు, లోపల నలుగురికి చోటు, బయట పదహారు మందికి. ఎవడైనా ఎక్కవచ్చు. గొర్రెల కాపరి ఎక్కాడు, పాకీ పని చేసే ఆమె ఎక్కింది, పహాడీ షరీఫ్ ఉర్సుకి నడిచిపోయే ఫకీర్లు ఎక్కి నీళ్ళు తాగారు, పంతుళ్ళూ ఎక్కాల్సి వచ్చింది, వేరే దారి లేక.

ఎందుకంటే బాపు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఇంటికి పుస్తకం తీసుకుపోయి చదివి తెచ్చివ్వొచ్చు, కాని గుమ్మం దాటే ముందు అరుగు మీద కూర్చుని ఒక్క పేజీ పైకి చదవాలి, చదువు రానివాళ్ళ కోసం. దాన్ని అరుగు పేజీ అనేవాళ్ళు. తహసీలు గుమాస్తా అయినా, పట్నం నుంచి బస్సు దిగి వచ్చిన పేరున్న కథకుడైనా, అరుగు పేజీ చదవందే పుస్తకం కదలదు. పేజీ అయిపోగానే విన్నవాళ్ళలో ఒకరు ఎక్కడ ఆగిందో అక్కడ వేలు పెట్టేవాళ్ళు, మళ్ళీ ఆ పుస్తకం ఎవరు తీసుకున్నా అక్కణ్ణుంచి చదవాలి. వేలికి ఏముంటే అది పడేది. దుర్గవ్వది ఆకు మీది సున్నం. రైలు పట్టాల గ్యాంగులో పనిచేసే పెంటయ్యది నల్లటి గ్రీసు. కుమ్మరోళ్ళది ఎర్రమట్టి, బాలింతది పసుపు. దాన్ని ఆనవాలు అనేవాళ్ళు. ‘ఆనవాలు పెట్టు దుర్గవ్వా’ అనేవాడు బాపు, పుస్తకం రెండు చేతులతో పట్టుకుని, హారతి పళ్ళెం చాపినట్టు చాపి. దుర్గవ్వ బుర్రలో ఒకేసారి పదకొండు కథలు నడిచేవి, ఒక్కోటి ఒక్కో చోట ఆగి. ఏ పుస్తకం అట్ట చూపించినా ఎవరు ఏ కష్టంలో ఉన్నారో చెప్పేది. పట్నం కథకులు కొత్తగా రాసినవి తెచ్చి ముందు ఈ అరుగు మీదే చదివేవాళ్ళు, ‘గిట్ల ఎవరు మాట్లాడ్తరు బిడ్డా’ అని ఆమె అంటే ఇంటికి పోయి మార్చుకునేవాళ్ళు. మహనీయులు లోపల కూర్చుని సృష్టించారట. బయట కూర్చున్నవాళ్ళు దిద్దితే రాశారు అని రాయండి పలక మీద, చేతనైతే.

యేసుమణికి చదువు వచ్చింది కూడా అక్కడే, అదీ తలకిందులుగా. చదివేవాడి ఎదురుగా, మోకాళ్ళకి ఆనుకుని కూర్చునేది, వేలు ఎక్కడ కదులుతోందో, నోరు ఏమంటోందో చూస్తూ. అలా అక్షరాలన్నీ తిరగబడే బుర్రలోకి దిగాయి. ఇప్పటికీ దవాఖానలో డాక్టరమ్మ బల్లకి అవతల మందు చీటీ రాస్తుంటే ఇవతల నిలబడి ముందే చదివేస్తుంది. ఆ తలకిందుల చదువులో సగం శివరామకృష్ణ సార్ చదివిందే. అరవై ఆరులో కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన కుర్ర తెలుగు పంతులు, తెల్ల చొక్కా, నున్నటి గొంతు, ఒక్క పేజీ చదవమంటే నాలుగు చదివేవాడు. పెంటయ్య చచ్చిపోయే ముందు కూడా సార్ గొంతే తలుచుకున్నాడు, సార్‌ని పిలవండి, ఆ దొంగ పట్టుబడ్డాడో లేదో చదవమనండి అని. సార్ వచ్చాడు కూడా. మంచం పక్కన కూర్చుని, గ్రీసు ఆనవాలు వెతుక్కుని, అక్కణ్ణుంచి చదివాడు, తొమ్మిది పేజీలు, దొంగ పట్టుబడేదాకా. అది యేసుమణి కళ్ళతో చూసింది. తెలియని వాడు చేస్తే ఇంత మండదు. ఈయనకి తెలుసు. అందరికంటే బాగా తెలుసు.

అందుకే కదా ఇచ్చింది. రెండేళ్ళ కిందట సార్ ఇంటికి వచ్చాడు, హెడ్‌మాస్టరుగా రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకుని. బాపు పోయాక పుస్తకాలు నాలుగు రేకు పెట్టెల్లో యేసుమణి మంచం కిందా, అటక మీదా ఉండేవి. చెద పట్టకుండా వేపాకు వేసి, ప్రతి ఎండాకాలం తీసి ఆరబెట్టేది. దుకాణం మళ్ళీ లేస్తోంది, అరుగుతో సహా, పుస్తకాలు ఇవ్వమ్మా అన్నాడు. ‘ఒక్క మరక కూడా పోనివ్వను యేసుమణీ, నాది పూచీ’ అన్నాడు. మరక. ఆ రోజే చెవిన పడాల్సింది ఆ మాట. ఏళ్ళ తరబడి అరుగు మీద కూర్చున్న మనిషి ఆనవాలు అనకుండా మరక అన్నాడే, ఎక్కడో ఏదో తెగిపోయిందని అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. నున్నటి గొంతు కదా. పైగా ఆ పుస్తకాలు తన ఒక్కదానివే అయితే వేరు, తన సొత్తులా ఇచ్చెయ్యకుండా, అరుగు మీద కూర్చున్నవాళ్ళలో బతికున్న ప్రతివాళ్ళ గడపకీ పోయి అడిగింది, హిమాయత్ సాగర్ దగ్గర కూతురింట్లో ఉన్న కుమ్మరి ముసలాయన దాకా. నా మాట మీద ఇయ్యుండ్రి అన్నది. అందరూ సరే అన్నారు. దుర్గవ్వ ఒక్కతే కాసేపు నసిగింది, సారు మంచోడే గని మంచోళ్ళకు కడిగే పిచ్చి ఉంటది బిడ్డా అని. తర్వాత తనే అన్నది, అరుగు కడతడంట గదా, ఇగ ఇయ్యి అని. దుర్గవ్వ కథ ఒకటి ఆగిపోయి ఉంది. పడవ కథ. వరదలో రేవు దగ్గర ఒక పిల్ల ఒక కాలు పడవలో, ఒక కాలు గట్టు మీద పెట్టి నిలబడ్డ చోట ఆగింది, అప్పుడే బాపు పోయాడు. ఇంట్లో చదివి వినిపిస్తానని యేసుమణి ఎన్నిసార్లు చెప్పినా వద్దన్నది ముసలమ్మ, ఒక్కదాన్నే వింటే ఎట్ల, అరుగు లేచినంక వింట, తొందరేముంది అని. డెబ్బై ఎనిమిదేళ్ళకి తొందరేముంది.

ఏవీ ఆ పుస్తకాలు? అప్పటినుంచీ కళ్ళు వాటినే వెతుకుతున్నాయి. మూడు వైపులా నేల నుంచి దూలం దాకా అద్దాల బీరువాలు, ఇత్తడి తాళాలు, లోపల తోలు అట్టల పుస్తకాలు ఒకే ఎత్తువి, ఒకే రంగువి, కవాతుకి నిలబెట్టినట్టు. ఒక వరస చదువుతోంది, వ్యవసాయ శాఖ వార్షిక నివేదిక, వ్యవసాయ శాఖ వార్షిక నివేదిక, మళ్ళీ అదే, ఇంత తేలిగ్గా ఎలా చదవగలుగుతున్నాను అనుకుంది, అప్పుడు తెలిసింది, ఆ వరస మొత్తం తలకిందులుగా పెట్టారు. సర్దినవాడికి తెలుగు రాదు. గంటనుంచి ఇంతమంది పెద్దలు కూర్చున్నారు, ఒక్కరూ గమనించలేదు. తోలు అట్ట కోసం కొన్న పుస్తకాలని ఎవడు చదువుతాడు. కింది వరసలో పాత కోర్టు తీర్పులు. బాపు అట్టలు ఇలా ఉండేవా? సిమెంటు సంచీ కాగితం, మైదా జిగురు, వీపున పాత పంచె గుడ్డ. ఒక్కటి కూడా కనబడలేదు. ఒక్కటి కూడా. లేచింది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి ముందుకు నడిచింది, సార్ కూర్చున్న బల్ల దగ్గరికి.

మా పుస్తకాలు ఏ బీరువాలో ఉన్నాయని అడిగింది. సార్ తల ఎత్తి నవ్వాడు. లోపల భద్రంగా ఉన్నాయమ్మా, దశలవారీగా పెడతాం, వెళ్ళి కూర్చో, ఆయన వచ్చేస్తున్నారు అన్నాడు. చెబుతూ చెబుతూనే ముందున్న ఫైలు మీద అరచెయ్యి పెట్టాడు. ఆలస్యమైంది. యేసుమణి అప్పటికే చదివేసింది, అవతల నిలబడి, చిన్నపిల్లగా ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్న పద్ధతిలోనే. ‘మరకలు పడి ప్రదర్శనకు పనికిరానివి, మూడు వందల నలభై. తొలగించడమైనది.’ కింద సంతకం. ఆ ముత్యాల్లాంటి రాత ఆమెకి తెలియకపోతే కదా. తొలగించడమైనది. ఎవరు తొలగించారు? దానంతటదే అయిపోయిందా? చేసినవాడి పేరు లేకుండా రాయడం కూడా బళ్ళోనే నేర్పుతారు కాబోలు, అరుగు మీద అలా చదివితే దుర్గవ్వ ఊరుకునేదా, ఎవరు బిడ్డా తీసేసింది, పేరు జెప్పు అనేది. యేసుమణి మంచినీళ్ళకి అన్నట్టు వెనక గదిలోకి నడిచింది.

వెనక గదిలో కాపలా ఈశ్వరయ్య బీడీ తాగుతున్నాడు. గోడవార సుతిలితో కుట్టిన గోనె బస్తాలు, పదకొండు. ఏందన్నా ఇవి అని అడిగింది, తెలిసే.

“చిత్తు కాయిదాలు అక్కా. నాలుగింటికి టెంపో వస్తది. కాటేదాన్‌ల అట్టలు జేసేటోళ్ళకు పోతయంట. ఎంత గబ్బున్నయో ఏమో, సారు ముక్కుకు గుడ్డ గట్టుకుని దగ్గరుండి కుట్టిచ్చిండు.”

దగ్గరుండి. యేసుమణి ఒక బస్తా మూల పళ్ళతో కొరికి సుతిలి తెంపింది. చెయ్యి పెట్టింది. పంచె గుడ్డ వీపు తగిలింది వేళ్ళకి, అంధురాలికి బిడ్డ ముఖం తగిలినట్టు. తీసింది. తెరిచింది. సబ్బుతోనో మందుతోనో రుద్దారు మొదట, ఆనవాలు పోలేదు, అక్షరాలు పోయాయి. పుస్తకం తర్వాత పుస్తకం, పేజీ మధ్యలో తెల్లటి గుండ్రటి బొబ్బ, దాని నడుమ మొండిగా నల్లటి వేలు. పెంటయ్య. నాలుగో పుస్తకం రుద్దకముందే విసిగిపోయి పడేశారు లాగుంది, సున్నం అలాగే ఉంది, ఎండి, కొద్దిగా పగిలి. యేసుమణి దాన్ని గుండెకి హత్తుకోలేదు, ఏడవలేదు. ఏడుపు వచ్చే చోట ఇంకేదో ఉంది. నేను ఇచ్చాను. నా మాట మీద ఇయ్యుండ్రి అన్నాను. గడప గడపకీ తిరిగి మరీ దొంగలకి, కాదు, కడిగేవాళ్ళకి పెట్టెలు మోసిపెట్టింది నేనే. పదిహేనేళ్ళు చెద ముట్టని వాటిని ఈయన రెండేళ్ళలో చిత్తు చేశాడు, పేరు మాత్రం ఇత్తడి మీద చెక్కించుకున్నాడు. ఆ ఆనవాళ్ళు ఉన్నంతకాలం తన కథకి అరుగు నిద్రపోయిన సంగతి కూడా ఉంటుంది మరి. అదా? అదే అయి ఉంటుందా? లేక ఏమీ లేదా, ఉత్త శుభ్రతేనా, పై దేశాల వాళ్ళ ముందు మన వేళ్ళు కనపడితే సిగ్గా? ఏదైతేనేం. కారణం తెలిసినంత మాత్రాన టెంపో ఆగదు.

ఈశ్వరయ్య బీడీ పారేసి లేచాడు, అక్కా నా నౌకరి పోతది అన్నాడు. పోదు, నేను గుంజుకపోయిన అని చెప్పు అన్నది. బస్తాని రెండు చేతులతో పట్టి ఈడ్చుకుంటూ ముందు గదిలోకి తెచ్చింది. కొత్త గచ్చు మీద గోనె గీరుకునే చప్పుడుకి మాటలు ఆగిపోయాయి. వరసల మధ్యకి తెచ్చి బస్తా తిరగేసింది. పుస్తకాలు దొర్లాయి. ఎవరో కాళ్ళు పైకి ముడుచుకున్నారు. బయట ఎవరో కారు వచ్చింది, కారు వచ్చింది అంటున్నారు.

సార్ బల్ల వెనకనుంచి వచ్చాడు. గొంతు ఇంకా నున్నగానే ఉంది. “యేసుమణీ, ఇది సమయం కాదమ్మా. వాటికి బూజు పట్టింది, మిగతావాటికీ అంటుకుంటుందని నిపుణులు చెప్పారు. ఆయన వెళ్ళిపోయాక కూర్చుని మాట్లాడుకుందాం.”

దుర్గవ్వ వంగి తడిమి ఒక పుస్తకం అందుకుంది. పేజీలు తిప్పలేదు. అట్ట మీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంది. యేసుమణి ఆమె వంక చూసింది, సార్ వంక చూసింది. ఇరవై రెండేళ్ళుగా దవాఖానలో పెద్దల ముందు తగ్గించి మాట్లాడిన గొంతు, ఈసారి తగ్గలేదు, పెరగనూ లేదు.

“బూజు గాదు సారూ, మనుషులు. మీరు మాకు చదివినప్పుడు అంటుకోలే? పెంటయ్య మంచం కాడ కూసున్నప్పుడు అంటుకోలే? ఆయన బోయినంక గాదు, ఆయన ముంగటనే. ఆ టెంపో వస్తే మర్లగొట్టుండ్రి. తతిమ్మ పది బస్తాలు గూడ ఇక్కడికి తెప్పియ్యుండ్రి, మీరే మొయ్యుండ్రి. ఆ బీరువాలల్ల ఉన్న కోర్టు కాయిదాలు ఖాళీ జెయ్యుండ్రి. రేపు పొద్దుగాల మేస్త్రీని బిలిచి ఆ కమ్మీ పీకిచ్చి అరుగు పని మొదలువెట్టుండ్రి. అది లేసెదాంక ఈ దుకాణం తెరిచేది లేదు, ఎవ్వరొచ్చినా సరే. ఇగ ఆ తాళంచెవులు ఇటియ్యుండ్రి.”